చికెన్ కూర కమ్మగా రావాలంటే: గసగసాలా, జీడిపప్పా, కొబ్బరా, పెరుగా?

జీడిపప్పు వేసిన కూరలో గసగసాలు వేయకండి. కొబ్బరిపాలు పోసిన కూరలో మీగడ కలపకండి. ఇంట్లో చికెన్ కూర రిచ్‌గా చేయాలనుకున్నప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే, అందుకే ఈ రెండు మాటలు ముందే చెప్పేస్తున్నాను. చుట్టాలొస్తున్నారంటే చాలు, డబ్బాల్లో దాచుకున్న ఖరీదైన దినుసులన్నీ ఒకే గిన్నెలో పడతాయి. ఒక సంక్రాంతికి నేనూ అలాగే చేశాను. రెండు కిలోల చికెన్‌కి జీడిపప్పు ముద్ద, గసగసాల ముద్ద, ఎండుకొబ్బరి, ఆఖర్న ఒక గిన్నెడు మీగడ. కూర గరిటె నిలబడేంత చిక్కగా వచ్చింది. తిన్నవాళ్ళు బాగుందనే అన్నారు, కానీ మారు వడ్డించుకున్నవాళ్ళు లేరు. ఎక్కడ తిన్నా ఒకటే రుచి. అందులో కోడి రుచి మాత్రం లేదు.

అప్పటి నుంచి నేను పాటించేది ఒకటే. ఒక కూరకి చిక్కదనం ఇచ్చే దినుసు ఒకటి, పులుపు ఇచ్చేది ఒకటి. అవి ఏవన్నది తేల్చుకోవడానికి మూడు సంగతులు చూసుకోవాలి: ఏ కోడి తెచ్చారు, కూర దేంతో తింటారు, వంటకి ఎంత టైమ్ ఉంది.

ముందు కోడి సంగతి

మనం ఫారం కోడి అనీ బాయిలర్ అనీ పిలిచే బ్రాయిలర్ కోడి సుమారు 35 నుంచి 42 రోజుల్లో రెండు కిలోల బరువుకి వచ్చేస్తుంది. మాంసం లేతగా ఉంటుంది, 20, 25 నిమిషాల్లో ఉడికిపోతుంది. కానీ దాని సొంత రుచి తక్కువ, పైగా ఉడికేటప్పుడు నీళ్ళు బాగా వదులుతుంది. అంటే రుచి అంతా మనం మసాలాతో, గ్రేవీతో తెచ్చుకోవాల్సిందే. జీడిపప్పు, పెరుగు, మీగడ లాంటివి ఈ కోడికి బాగా నప్పుతాయి.

నాటుకోడి అలా కాదు. పెరట్లో తిరిగి, గింజలూ పురుగులూ ఏరుకు తిని, కూరకి రావడానికి అయిదారు నెలలైనా పడుతుంది. కండ గట్టిగా ఉంటుంది. ఎముకల చుట్టూ, కీళ్ళ దగ్గర ఉండే జిగురు నిదానంగా ఉడికే కొద్దీ పులుసులోకి దిగుతుంది. నాటుకోడి పులుసు చల్లారాక వేళ్ళకి అంటుకునేది ఆ జిగురు వల్లే. అంటే చిక్కదనంలో సగం కోడే ఇచ్చేస్తుంది. అలాంటి కూరలో జీడిపప్పు ముద్ద వేశారంటే నాకు నిజంగా బాధ అనిపిస్తుంది. కిలోకి అంత డబ్బు పోసి కొన్న రుచిని తియ్యటి ముద్ద కింద కప్పేయడమే కదా అది. నాటుకోడికి గసగసాలు, కొంచెం ఎండుకొబ్బరి, ధనియాలు చాలు.

ఈ రెంటికీ మధ్యలో ఇంకో రకం ఉంది. వనరాజా, గిరిరాజా లాంటి పెరటి పెంపకపు జాతులు. వనరాజాని హైదరాబాద్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలోనే అభివృద్ధి చేశారు. షాపుల్లో వీటిని కూడా నాటుకోడి అనే అమ్ముతుంటారు. రుచి బాయిలర్ కంటే మెరుగే, కానీ అసలు నాటుకోడిలా గంటసేపు ఉడికిస్తే ముక్క విడిపోతుంది. అందుకని కోడి కొనేటప్పుడు ఎన్ని నెలలదో అడగండి. కాళ్ళ మీద పొలుసులు గరుకుగా, గట్టిగా ఉంటే ముదురు కోడి అని లెక్క. గుడ్ల ఫారాల్లో గుడ్లు పెట్టడం తగ్గిపోయిన లేయర్ కోడి చవగ్గా దొరుకుతుంది. కొవ్వు ఎక్కువ, కండ ముదురు. కుక్కర్లో బాగా ఉడికిస్తే దాని పులుసు చాలా బాగుంటుంది. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు ఇండియన్ దుకాణాల్లో హార్డ్ చికెన్ పేరుతో కొనేది దాదాపు ఇలాంటి కోడే. అక్కడ నాటుకోడి కూర తినాలనిపిస్తే దీన్ని మించిన దారి లేదు. కడక్‌నాథ్ గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అందులో కొవ్వు బాగా తక్కువ కాబట్టి కమ్మటి గ్రేవీ కూరకి నేను దాన్ని ఎంచుకోను, వేపుడుకో పలచటి పులుసుకో వాడుకోవచ్చు.

ఎముకతోనా, బోన్‌లెస్సా? కూరకైతే ఎముకతోనే. పిల్లలు ఎముకలు తీసుకోలేరనో, ఆఫీసు టిఫిన్ బాక్సులోకనో బోన్‌లెస్ కావాలంటే ఛాతీ భాగం కాకుండా తొడ మాంసం అడగండి. ఛాతీ ముక్క పది నిమిషాలు ఎక్కువ ఉడికితే పీచులా అయిపోయి నోట్లో పొడిపొడిగా తగులుతుంది. తొడ ముక్క ఆ పొరపాటుని తట్టుకుంటుంది. వంటింట్లో థర్మామీటర్ ఉన్నవాళ్ళకి ఒక గుర్తు: ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ వస్తే ఉడికినట్టే, ఇక ఆపేయొచ్చు.

తోలు విషయంలో నా మాట సూటిగా చెప్తాను. బాయిలర్ తోలు తీయించండి, కూరలో అది జారుడుగా మిగిలిపోతుంది. నాటుకోడి తోలు మాత్రం తీయనివ్వకండి. ఈకలు పీకి, పసుపు రాసి, మంట మీద కాల్చి ఇచ్చిన కోడి తోలులో ఒక పొగ వాసన ఉంటుంది. ఆ కూరకి అదే ప్రాణం.

ఉల్లిపాయ: సగం కూర ఇక్కడే తయారవుతుంది

ఏ ముద్ద వేయాలన్న ఆలోచన కంటే ముందు ఉల్లిపాయ ఎలా వేయాలో తేల్చుకోవాలి. ఉల్లిపాయలో పదింట తొమ్మిది వంతులు నీరే. ఆ నీరు పోయే దాకా అది వేగదు, ఉడుకుతుంది. మూడు నిమిషాలకే పారదర్శకంగా కనిపిస్తుంది కాబట్టి వేగిపోయిందనుకుని చికెన్ వేసేస్తాం. కూర పలచగా, ఉల్లిపాయ ముక్కలు విడిగా, నీళ్ళు విడిగా రావడానికి అసలు కారణం అదే. దాన్ని సరిచేయడానికి ఆఖర్న జీడిపప్పు ముద్ద వేస్తాం. ఉల్లిపాయ సరిగా వేగి ఉంటే చాలా కూరలకి ఆ ముద్ద అవసరమే ఉండదు.

కిలో చికెన్‌కి మూడు పెద్ద ఉల్లిపాయలు, అంటే సుమారు 300 గ్రాములు. సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసి, మధ్యస్థంగా మంట పెట్టి పదిహేను నిమిషాలు. రంగు బంగారు గోధుమకి రావాలి. అంతకంటే ముదిరితే చేదు వస్తుంది. ఇది నేను రోజూ చేసే పద్ధతి, మొదటిసారి చేసేవాళ్ళకీ ఇదే చెప్తాను.

పచ్చి ఉల్లిపాయ మిక్సీలో వేసి ముద్ద చేసి వేయించడం రెండో దారి. గ్రేవీ నునుపుగా వస్తుంది, హోటల్ కూరలా కనిపిస్తుంది. కానీ ఆ ముద్ద పచ్చివాసన పోవడానికి 20, 25 నిమిషాలు పడుతుంది, చిట్లుతుంది, అడుగంటుతుంది. అయిదు నిమిషాలకే ఆపేస్తే కూర అంతా ఘాటుగా, ఒక రకమైన చేదుతో ఉంటుంది. ఓపిక ఉంటేనే ఈ దారిలో వెళ్ళండి.

మూడోది బిర్యానీకి చేసినట్టు సన్నటి చీలికలుగా కోసి, కరకరలాడేలా నూనెలో వేయించి, చల్లారాక పెరుగుతో కలిపి నూరడం. హైదరాబాదీ కూరలకి ఆ ముదురు రంగు, ఆ తీపి వచ్చేది దీనివల్లే. నూనె ఎక్కువ పడుతుంది, గిన్నెలు ఎక్కువవుతాయి. చుట్టాల భోజనానికి మాత్రం ఇదే చేస్తాను. ముందురోజే వేయించి డబ్బాలో పెట్టుకోవచ్చు కాబట్టి పొద్దున టెన్షన్ ఉండదు. బయట ప్యాకెట్లలో వేయించిన ఉల్లిపాయలు దొరుకుతాయి. ప్యాకెట్ విప్పాక ఒకసారి వాసన చూడండి. పాత నూనె వాసన వస్తే ఆ కూరని ఏ మసాలా కాపాడలేదు.

చిక్కదనం దేంతో

గసగసాలతో మొదలుపెడతాను, మా ఇంట్లో కూర అంటే ఇదే కాబట్టి. కిలోకి రెండు పెద్ద చెంచాలు చాలు. రుచి మెత్తగా, కమ్మగా ఉంటుంది, కారాన్నీ లవంగాలనూ కప్పేయదు, వాటిని పట్టి ఉంచుతుంది. అన్నంలో కలుపుకునే కూరకి ఇంతకంటే మంచిది లేదని నా నమ్మకం. కష్టమల్లా నూరడంలోనే ఉంది. అమ్మమ్మ రోట్లో నూరేది. మిక్సీలో గింజ బ్లేడుకి అందకుండా తిరుగుతూ ఉంటుంది. దానికి మార్గం ఏమిటంటే, పొడి మూకుట్లో సన్నటి సెగ మీద ఒక నిమిషం వేడిచేసి, చిన్న జార్‌లో ముందు పొడిగా తిప్పి, ఆ తర్వాత చెంచా చెంచాగా గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ తిప్పాలి. నాలుగు ఎండుకొబ్బరి ముక్కలు తోడు వేస్తే ఇంకా బాగా మెదుగుతుంది. గసగసాలు, ఎండుకొబ్బరి కలిపి నూరడం కోస్తా ఇళ్ళలో పాత అలవాటు. దినుసు ఒకటే అని పైన చెప్పాను కదా, ఈ జోడీని నేను ఒకటిగానే లెక్కేస్తాను. అందులో కొబ్బరి పాత్ర చిన్నది.

ముద్దని ఆఖరి పది, పన్నెండు నిమిషాల్లోనే వేయాలి. ముందే వేస్తే అడుగంటుతుంది, ఆ మాడు వాసన కూరంతా పాకుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. యుఏఈ, సౌదీ అరేబియా దేశాల్లో గసగసాలు నిషిద్ధం. సింగపూర్‌లోనూ అంతే. మన వంటింట్లో మామూలు దినుసు, అక్కడ మాదకద్రవ్యాల చట్టాల కిందికి వస్తుంది. గల్ఫ్‌కి వెళ్ళే పిల్లలకి ఇంట్లో కొట్టిన మసాలా పొడి కట్టి ఇస్తుంటాం. చాలా ఇళ్ళ గరం మసాలాలో గసగసాలు ఉంటాయి. దయచేసి ఆ పొట్లం పెట్టేముందు ఒకసారి గుర్తు చేసుకోండి. అక్కడ ఉన్నవాళ్ళు వీటి బదులు జీడిపప్పు గానీ కర్బూజా గింజల పప్పు గానీ వాడుకోవాలి.

జీడిపప్పు సులువైనది. కిలోకి 15 నుంచి 20 పలుకులు వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెడితే ఏ మిక్సీలోనైనా వెన్నలా మెదుగుతుంది. గ్రేవీ విరగదు, రంగు ముచ్చటగా ఉంటుంది, కారం తగ్గి పిల్లలు ఇష్టంగా తింటారు. నూరడానికి గుండు జీడిపప్పు కొనక్కర్లేదు, బద్దలు, ముక్కలు చాలు, ధర బాగా తగ్గుతుంది. పలాస వైపు ఎవరైనా వెళ్తుంటే తెప్పించుకోండి. లోపం తీపి. 20 పలుకులు దాటితే కూర పాయసం వైపు జరుగుతుంది, దాన్ని లాగడానికి మళ్ళీ కారం, మళ్ళీ పులుపు వేయాల్సి వస్తుంది. చపాతీ, పులావ్, బటర్ నాన్‌లకి జీడిపప్పు గ్రేవీ చక్కగా కుదురుతుంది. వేడి అన్నంలో కలుపుకుంటే నాలుగో ముద్దకే మొహం మొత్తుతుంది. కర్బూజా గింజల పప్పు దీనికి చవకైన ప్రత్యామ్నాయం, తీపి కూడా తక్కువ. వచ్చేవాళ్ళలో జీడిపప్పు పడనివాళ్ళు ఉన్నారేమో ముందే కనుక్కోవడం మరవకండి, కూరలో కలిసిపోయాక అది కంటికి కనిపించదు.

పెరుగు అన్నిటికంటే చవక, అన్నిటికంటే భయపెట్టేది. కిలోకి ఒక కప్పు, సుమారు 200 గ్రాములు. చిక్కదనం, పులుపు రెండూ అదే ఇస్తుంది కాబట్టి టమాటా మానేయొచ్చు. విరిగిపోతుందన్నదే అందరి భయం. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పెరుగుని కుతకుతలాడే కూరలో ఒక్కసారిగా పోస్తే విరగక ఏం చేస్తుంది? ముందుగా బయటపెట్టి చల్లదనం పోనివ్వండి, గడ్డలు లేకుండా గిలకొట్టండి, ఒక చిన్న చెంచా శనగపిండి కలపండి, మంట పూర్తిగా తగ్గించి కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుతూ ఉండండి. దీనికంటే మంచి పద్ధతి, చికెన్‌ని ముందే పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పులో గంట నానబెట్టి అలాగే గిన్నెలో వేయడం. ముక్కతో పాటు నిదానంగా వేడెక్కితే పెరుగు చాలా తక్కువసార్లు విరుగుతుంది, ముక్క కూడా మెత్తబడుతుంది. పుల్లటి పెరుగు, వెన్న తీసిన పెరుగు మాత్రం వద్దు.

కొబ్బరిపాలు కోనసీమ వైపు వాళ్ళకీ, కేరళ వంట ఇష్టపడేవాళ్ళకీ చెప్పక్కర్లేదు. రెండోసారి పిండిన పలచటి పాలలో ముక్క ఉడకాలి, మొదటిసారి పిండిన చిక్కటి పాలు దించేముందు పోయాలి, ఆ తర్వాత కూర తెర్లకూడదు. అప్పం, దోసెలు, ఇడియాప్పం ఉన్నరోజు చేసుకోండి. ఎండాకాలంలో ఇది త్వరగా పాడవుతుంది, రాత్రికి ఉంచాలనుకుంటే రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఎండుకొబ్బరి వేరే సంగతి. దోరగా వేయించి పొడి చేసి వేస్తే తెలంగాణ, రాయలసీమ కూరల రుచి వస్తుంది. డబ్బాలో నెలల తరబడి ఉన్న ముక్క అయితే కొరికి చూసి వేయండి, ముక్కిపోయిన కొబ్బరి కూరని నిలువునా చెడగొడుతుంది.

పల్లీలు, నువ్వులు నూరి వేయడం హైదరాబాద్ సాలన్ ధోరణి. చికెన్‌కి నేను అరుదుగా వాడతాను, వాటి రుచి అంత బలమైనది. చింతపండు పులుపు పడే కూరైతేనే సరిపోతుంది. నువ్వులు మాత్రం కళ్ళెదుటే వేయించండి, ఒక్క నిమిషం ఎక్కువైనా చేదు.

హైదరాబాదీ దమ్ కా ముర్గ్ చేయాలనుకునేవాళ్ళు బాదం, సారపప్పు వాడతారు. సారపప్పు అడవిలో దొరికే మొర్రిపండు గింజలోని పప్పు. దాని వాసన జీడిపప్పుకి రాదు. కానీ ఖరీదు ఎక్కువ, కాబట్టి పండక్కి మాత్రమే.

ఇక మీగడ, ఫ్రెష్ క్రీమ్. దీన్ని చిక్కదనానికి వాడే దినుసుగా నేను లెక్కేయను. బటర్ చికెన్‌కి క్రీమ్ కావాలి, నిజమే. కానీ ఆ వంటకం పుట్టుకే వేరు. ఢిల్లీ దర్యాగంజ్‌లో 1947లో మొదలైన మోతీ మహల్ హోటల్ పేరుతో అది ముడిపడి ఉంది. దాన్ని కనిపెట్టింది ఎవరన్న దాని మీద ఆ హోటల్ నడిపిన భాగస్వాముల వారసులు 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళారు. ముందు తందూర్‌లో కాలిన కోడి, ఆ తర్వాత టమాటా, వెన్న, క్రీమ్ ఉన్న గ్రేవీ. ఆ కాలిన వాసనే క్రీమ్‌ని మోస్తుంది. మామూలుగా ఉడికిన ముక్కల మీద క్రీమ్ పోస్తే రుచి చప్పబడుతుంది తప్ప బటర్ చికెన్ అవదు. ఇంట్లో చేయాలంటే నానబెట్టిన బోన్‌లెస్ ముక్కల్ని ఇనప పెనం మీద పెద్ద మంటలో మచ్చలు పడేదాకా కాల్చి, అప్పుడు గ్రేవీలో వేయండి. కిలోకి నాలుగు పెద్ద చెంచాల క్రీమ్, అదీ స్టవ్ ఆపేశాక.

పులుపు, కారం, గిన్నె

పులుపు దగ్గర ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. గసగసాల కూరకి ఒక టమాటా లేదా ఆఖర్న నిమ్మచెక్క. జీడిపప్పుకి టమాటా కొంచెం ఎక్కువ, రెండు మూడు. కొబ్బరిపాలకి నిమ్మరసం, మంట ఆపాకే. పెరుగు వేస్తే ఇంకేమీ వద్దు. గోంగూర, చింతచిగురు వేసే కూరల్లో చిక్కదనం ఆకే ఇస్తుంది, వాటిలో ఏ ముద్దా వేయకండి.

కారం విషయంలో చాలామందికి ఒక ఇబ్బంది ఉంది. హోటల్ కూరంత ఎర్రగా రావాలంటే ఇంట్లో కారం ఎంత వేయాలో తెలియక మంట పుట్టించేస్తారు. రంగు వేరు, ఘాటు వేరు. గుంటూరు సన్నం కారం ఘాటుకి. రంగుకి బ్యాడిగి గానీ కాశ్మీరీ గానీ కలుపుకోండి. వరంగల్ వైపు పండే చపాటా మిరప కూడా ఇందుకు బాగా పనికొస్తుంది. టమాటాలా పొట్టిగా, ఎర్రగా ఉంటుంది, ఘాటు తక్కువ, దానికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అన్నంలో తినే ఆంధ్ర కూరకి సన్నం రెండు వంతులు, రంగు మిరప ఒక వంతు. జీడిపప్పు, పెరుగు కూరలకి ఈ లెక్క తిరగేయండి.

కుక్కరా, మూకుడా? బాయిలర్ కోడికి కుక్కర్ వద్దే వద్దు. ఆవిరి బయటికి పోదు కాబట్టి కోడి వదిలిన నీళ్ళన్నీ అలాగే ఉంటాయి, ముక్క చితికిపోతుంది. ఆ తర్వాత నీళ్ళు ఇంకించడానికి మరిగిస్తే ముక్క పీచవుతుంది. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నె, మూత. అంతే. నాటుకోడికి, లేయర్ కోడికి కుక్కర్ మంచిదే, కానీ కూర మొత్తం అందులో చేయకండి. ముక్కల్ని పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక గ్లాసు నీళ్ళతో నాలుగైదు విజిల్స్ రానిచ్చి, ఆ ముక్కల్నీ ఆ నీళ్ళనీ వేయించిన ఉల్లిపాయల్లోకి మార్చి, మూత లేకుండా పావుగంట ఉడికించండి. ఆ నీళ్ళు పారబోస్తే కూర రుచి పారబోసినట్టే. మట్టిదాక ఉంటే, టైమ్ ఉంటే, కుక్కర్ పక్కన పెట్టేసి దాకలోనే గంటంపావు సన్నటి సెగ మీద ఉంచండి. తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది.

ఎవరికి ఏది

కనుమనాడు గారెలతో తినడానికైతే నాటుకోడి, గసగసాలు ఎండుకొబ్బరి, కాస్త జారుగా. గారె పులుసుని పీల్చుకోవాలి కాబట్టి మరీ చిక్కగా వద్దు. రాగి సంగటికి కూడా నాటుకోడే, కాకపోతే ఉల్లిపాయ, ధనియాలు, ఎండుకొబ్బరితో కారంగా, గసగసాలు లేకపోయినా పర్వాలేదు. బగారా అన్నంతో బాయిలర్ కోడి, వేయించిన ఉల్లిపాయ, పెరుగు. ఇంటికి పది పదిహేను మంది వస్తుంటే నేను కళ్ళు మూసుకుని ఎంచుకునేది ఇదే. ముందురోజు నానబెట్టుకోవచ్చు, ఎంతమందికైనా రుచి మారదు, ఖర్చూ తక్కువ. చపాతీలకి, కారం తినని పిల్లలకి జీడిపప్పు. రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చి వండుకునేవాళ్ళు ఏ ముద్దా పెట్టుకోకండి. ఉల్లిపాయ బాగా వేయించి, రెండు టమాటాలు మగ్గించి, ముక్కలు వేస్తే 45 నిమిషాల్లో అయిపోతుంది. ఆ కూరని తక్కువగా చూడకండి, వారంలో నేను ఎక్కువసార్లు తినేది అదే.

ఏదీ తేల్చుకోలేకపోతున్నవాళ్ళు, ఇదే మొదటిసారి అయినవాళ్ళు ఇలా చేయండి. బాయిలర్ కోడి ఎముకతో ఒక కిలో, నలుగురైదుగురికి సరిపోతుంది. ఉప్పు, పసుపు, రెండు చెంచాల కారం, ఒకటిన్నర చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట పక్కన పెట్టండి. ఇక్కడ చెంచా అంటే పెద్ద చెంచానే. అల్లం వెల్లుల్లి అప్పటికప్పుడు నూరిందైతే సగం మెట్టు ఎక్కేసినట్టే. మూడు గరిటెల పల్లీ నూనె కాగాక రెండు యాలకులు, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క వేసి, ఉల్లిపాయలు నేను పైన చెప్పిన రంగుకి వేయించండి. రెండు పచ్చిమిర్చి, రెబ్బ కరివేపాకు. ముక్కలు వేసి మంట పెంచి అయిదారు నిమిషాలు వేయించండి, మూత వద్దు. ఈ ఆరు నిమిషాల్లో ముక్క పైన గట్టిపడి, వదిలిన నీళ్ళు సగం ఇంకుతాయి. తరిగిన టమాటా ఒకటి వేసి మూతపెట్టి సన్నటి సెగ మీద పది నిమిషాలు. అప్పుడు రెండు చెంచాల ధనియాల పొడి, గసగసాల ముద్ద, ఒక గ్లాసు వేడినీళ్ళు. చన్నీళ్ళు పోయకండి, ఉడుకు ఆగిపోతుంది. మరో పదీ పన్నెండు నిమిషాలకి అంచుల దగ్గర నూనె తేలుతుంది. గరం మసాలా అర చెంచా, కొత్తిమీర వేసి స్టవ్ ఆపి, మూతపెట్టి పావుగంట వదిలేయండి. ఆ పావుగంటలో గ్రేవీ ముక్కకి పడుతుంది, ఉప్పూ సర్దుకుంటుంది. ఉప్పు సరిచూడాల్సింది కూడా అప్పుడే.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి. గసగసాల కూర పొద్దున్నకి గడ్డలా బిగుస్తుంది, పాడైందని కంగారుపడకండి. అర గ్లాసు వేడినీళ్ళు పోసి సన్నటి సెగ మీద పొగలొచ్చేదాకా కలుపుతూ వేడిచేస్తే మళ్ళీ విచ్చుకుంటుంది. దోసెలోకి ఆ రెండోరోజు కూరే బాగుంటుంది.